పిల్లాడిని పది రోజులు ఎక్కడ ఉంచాలి? మేధో వైకల్యం ఉన్న పిల్లల స్వల్పకాల వసతిపై సమీక్ష

తల్లికి ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారు. తండ్రి దుబాయ్‌లో ఉన్నాడు. ఇన్నేళ్లూ పిల్లాడిని కనిపెట్టుకున్న అమ్మమ్మ బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లేదంటే పదమూడేళ్లవాడు వారం రోజులుగా రాత్రిళ్లు నిద్రపోడు, తల గోడకేసి కొట్టుకుంటాడు, చెల్లెల్ని కొరుకుతాడు, ఇంట్లో ఒక్కరికీ కంటిమీద కునుకు లేదు. మామూలు పిల్లలైతే మేనమామ ఇంటికి పంపి ఊపిరి పీల్చుకుంటారు. మేధో వైకల్యం ఉన్నవాడికి, అందులోనూ ఫిట్సో ఆటిజమో తోడైనవాడికి ఆ దారి చాలాసార్లు మూసుకుపోయే ఉంటుంది. అప్పుడు కావలసింది వారం నుంచి నెల దాకా రాత్రింబవళ్లు చూసుకుని, మళ్లీ ఇంటికే పంపించే చోటు. ఈ అవసరానికి తెలుగు రాష్ట్రాల్లో జనం తట్టే తలుపులు నాలుగైదు ఉన్నాయి. ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటాం అన్నది ఇక్కడ చూద్దాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక చోటు మంచిదా కాదా అన్నది భవనం చూస్తే తెలియదు, వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు చూస్తే తెలుస్తుంది. ఫోన్ ఎత్తగానే ‘ఫర్వాలేదండీ, రేపు తీసుకొచ్చేయండి’ అనే చోటు కన్నా, గంటసేపు కూర్చోబెట్టి విసిగించే చోటే నయం.

సమర్థ్: కాగితం మీద సరిగ్గా ఇదే

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం నాలుగు రకాల వైకల్యాలను చూస్తుంది: ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. ఆ ట్రస్ట్ నడిపే పథకాల్లో ‘సమర్థ్’ ఒకటి. అనాథలకు, కష్టంలో పడ్డ కుటుంబాల పిల్లలకు, పేద కుటుంబాల వాళ్లకు కొద్దికాలమో ఎక్కువకాలమో వసతి ఇవ్వడం దాని పని. పెద్దవాళ్లకు జీవితాంతం ఉండే ‘ఘరౌందా’ పథకాన్ని తర్వాత దీనితో జోడించారు. కేంద్రాలను ట్రస్ట్ నేరుగా నడపదు. తన దగ్గర నమోదైన స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి నడిపిస్తుంది. కాబట్టి సమర్థ్ బోర్డు ఉన్నంత మాత్రాన రెండు కేంద్రాలు ఒకేలా ఉంటాయనుకోవద్దు.

పథకం ఉద్దేశానికి పదికి తొమ్మిది వేస్తాం. అందుబాటుకు మాత్రం మూడు. దేశం మొత్తానికి ఉన్న కేంద్రాలు పదుల్లోనే, జిల్లాకొకటి అన్నది ఊసే లేదు. అసలు చిక్కు ఇంకోటుంది. వసతి కేంద్రంలో మంచం ఒకసారి నిండితే అంత తేలిగ్గా ఖాళీ కాదు. ఎవరూ లేని పిల్లలు, తీసుకెళ్తామని చెప్పి రాని తల్లిదండ్రుల పిల్లలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. వాళ్లను బయటికి పంపమని ఎవరూ అనలేరు. దాంతో పది రోజుల కోసం వచ్చే పిల్లాడికి చోటుండదు. అందుకే ఫోన్ చేసినప్పుడు ‘సీట్లు ఉన్నాయా’ అని కాకుండా ‘కొద్దిరోజుల కోసం వచ్చేవాళ్లకు విడిగా ఎన్ని మంచాలు పెట్టారు’ అని అడగండి. విడిగా పెట్టలేదంటే ఆ కేంద్రం మీ పనికి రాదు, ఎంత మంచిదైనా సరే.

వయసు సంగతి కూడా తేల్చుకోవాలి. పన్నెండేళ్ల పిల్లాడిని ముప్ఫై ఏళ్ల మగవాళ్ల హాల్లో పడుకోబెట్టే చోటికి పంపనే పంపొద్దు. ‘అందరూ కలిసిమెలిసే ఉంటారండీ’ అన్న జవాబుకు సంతోషించకండి.

నేషనల్ ట్రస్ట్‌దే ‘నిరామయ’ ఆరోగ్య బీమా. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. నమోదు రుసుము వందల్లోనే. వసతికీ దీనికీ నేరుగా సంబంధం లేదు కానీ, కేంద్రంలో ఉండగా ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ కార్డు చేతిలో ఉండాలి. రెన్యువల్ తేదీ దాటిపోయిన కార్డులే ఎక్కువగా కనిపిస్తాయి, ఈరోజే ఒకసారి చూసుకోండి.

బోయిన్‌పల్లి కాటేజీలు

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, 1984లో మొదలైంది. పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు పిల్లవాడితో పాటు కొద్దిరోజులు ఉండి శిక్షణ తీసుకోవడానికి అక్కడ ఫ్యామిలీ కాటేజీలు ఉన్నాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ కాటేజీలు పిల్లాడిని వదిలి వెళ్లడానికి కావు. మీరూ ఉండాలి. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇది అక్కరకు రాదు. కానీ కష్టానికి మూలం పిల్లాడి ప్రవర్తనే అయితే, అంటే కొట్టడం, కొరకడం, పారిపోవడం, తిండి మానేయడం లాంటివైతే, అక్కడ కూర్చుని నేర్చుకునేది ఇంటికొచ్చాక ఏళ్లపాటు పనికొస్తుంది.

వెళ్లేటప్పుడు పిల్లాడిని బాగా ఎరిగిన మనిషే వెళ్లాలి. సెలవు దొరికిందని బాబాయిని పంపితే సైకాలజిస్ట్ అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబుండదు. సెల్‌ఫోన్‌లో తీసిన రెండు మూడు చిన్న వీడియోలు, గొడవ మొదలవడానికి ముందు నుంచి ఉన్నవి, వెంట ఉంచుకోండి. గొడవ మధ్యలోంచి తీసిన వీడియోతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. దానికి ముందు రెండు నిమిషాల్లో ఏం జరిగిందన్నదే వాళ్లకు కావాలి.

ఆసుపత్రి వార్డు ఎప్పుడు, ఎప్పుడు కాదు

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు: పెద్ద ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు అనగానే అందరికీ గుర్తొచ్చేవి ఇవే. ‘అక్కడ చేర్చేస్తే పోతుంది కదా’ అని బంధువులు అంటుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో మేధో వైకల్యం లేదు. ఆ ఒక్క కారణంతో పిల్లాడిని చేర్చుకోరు, చేర్చుకోకూడదు కూడా. వైకల్యంతో పాటు తీవ్రమైన మానసిక సమస్య ఉంటే, నిద్ర పూర్తిగా పోయి తనకో ఇతరులకో ప్రమాదంగా మారితే, మందులు మార్చి గమనించాల్సి వస్తే అప్పుడు ఆసుపత్రి సరైన చోటు.

మైనర్ల విషయంలో ఆ చట్టంలోని 87వ సెక్షన్ కచ్చితంగా చెబుతుంది. తల్లిదండ్రులు దరఖాస్తు చేయాలి. ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. పెద్దవాళ్ల నుంచి వేరుగా ఉంచాలి. పిల్లాడు ఉన్నన్ని రోజులూ తల్లో తండ్రో వాళ్లు నియమించిన మనిషో పక్కన ఉండి తీరాలి. ఆడపిల్లయి, సంతకం పెట్టింది తండ్రి అయితే వెంట ఆడమనిషి ఉండాలి. అంటే ఇంట్లో చూసుకునే మనిషి లేక వెతుకుతున్నవాళ్లకు ఆసుపత్రి వార్డు జవాబు కాదు. అక్కడా మీ మనిషి కావాల్సిందే. ఇది తెలియక రాత్రిపూట ఆటో కట్టించుకుని వెళ్లి గేటు దగ్గర గొడవపడేవాళ్లు ఉన్నారు. డ్యూటీ డాక్టర్ కాదన్నది చట్టం వల్లే.

బాలల సంక్షేమ కమిటీ

దీని గురించి భయం ఎక్కువ, సమాచారం తక్కువ. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, వైకల్యం ఉండి చూసుకునేవాళ్లు లేని పిల్లలు, లేదా ఉన్నా చూసుకోలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లల కిందికే వస్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే, లేదా పోలీసులో మరొకరో చెబితే, 24 గంటల్లోపు పిల్లాడిని జిల్లా కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. ఎక్కడ ఉంచాలో కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. ఇంకోవైపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్, వైకల్యం ఉందన్న కారణంతో పిల్లాడిని తల్లిదండ్రుల నుంచి వేరు చేయడానికి వీల్లేదంటుంది. వేరు చేయాల్సి వస్తే కోర్టు ఉత్తర్వు ఉండాలి, అప్పుడు కూడా ముందు దగ్గరి బంధువులు, తర్వాత కుటుంబ వాతావరణం, అదీ కుదరకపోతేనే వసతి గృహం.

తల్లి ఐసీయూలో ఉండి ఇంకెవరూ లేనప్పుడు ఈ దారి తప్పదు, ఆ రాత్రికి అదే దిక్కు. మామూలు అవసరానికి మాత్రం దీన్ని మొదటి మెట్టు చేసుకోవద్దు. కమిటీ కిందికి వెళ్లిన పిల్లాడిని తిరిగి తెచ్చుకోవాలంటే ఇంటి పరిస్థితిపై విచారణ నివేదిక కావాలి, కమిటీ కూర్చునే రోజు రావాలి. పైగా మామూలు బాలసదనాల్లో గొట్టంతో తిండి పెట్టడం, రాత్రి ఫిట్స్ కనిపెట్టడం తెలిసిన సిబ్బంది ఉంటారన్న భరోసా లేదు.

ప్రైవేటు హాస్టళ్లు: ఇక్కడే చూడాల్సింది ఎక్కువ

ఆఖరికి ఎక్కువమంది వెళ్లేది ఇక్కడికే. నగర శివార్లలో అద్దె ఇంట్లోనో, స్పెషల్ స్కూలుకు అనుబంధంగానో నడుస్తాయి. కొన్ని చాలా మంచివి, కొన్నింటిలో తాళం తప్ప ఏమీ ఉండదు.

కాగితాలు ముందు. పిల్లలను ఉంచుకునే సంస్థకు దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. సంరక్షణ అవసరమైన పిల్లలను పెట్టుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద కూడా ఉండాలి. అది లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. సొసైటీ రిజిస్ట్రేషన్ చూపించి ‘మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అంటే ఒప్పుకోకండి, అది సంఘం పెట్టుకున్నట్టు రుజువు మాత్రమే. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి.

తర్వాత, రాత్రి ఎవరు మేలుకుని ఉంటారని అడగండి. పగలు నలుగురు ఆయాలు ఉండటం మామూలే. రాత్రి ఒక్కరు, అదీ చాప వేసుకుని అదే హాల్లో పడుకుంటే, నిద్రలో వచ్చే ఫిట్స్ ఎవరూ చూడరు. పగలంతా పనిచేసిన ఆయానే రాత్రి కూడా ఉంటుందంటే జవాబు వచ్చేసినట్టే. మీరు చూడ్డానికి వెళ్లే వేళ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య పెట్టుకోండి. స్నానాలు, తిండి, మందులు, పడకలు అన్నీ ఆ రెండు గంటల్లోనే పడతాయి, సిబ్బంది చాలకపోతే అప్పుడే తెలుస్తుంది. ఉదయం పదకొండింటికి అన్ని చోట్లా పిల్లలు రంగుల పూసలు గుచ్చుతూనే కనిపిస్తారు.

బాత్రూమ్ తలుపు లోపల గడియ బయటి నుంచి తీసే వీలుందా, ఫినాయిల్ సీసా ఎక్కడ పెట్టారు, కిటికీకి ఊచలున్నాయా, మేడ మీదికి దారి మూసి ఉందా. గొడవ చేసే పిల్లాడిని ఏం చేస్తారని అడగండి. ‘ఓ గదిలో కాసేపు పెడతాం’ అంటే ఎంతసేపు, ఎవరు చూస్తుంటారు, ఎక్కడ రాస్తారు అని మళ్లీ అడగండి. కట్టేయడం, ‘నిద్ర మాత్ర వేస్తాం’ అన్న మాట వినిపిస్తే అక్కడితో లేచి వచ్చేయండి. పిల్లాడికి డాక్టర్ రాయని నిద్ర మందు వేసే హక్కు ఎవరికీ లేదు. ఫిట్స్ మందులు వాడే పిల్లాడికి దాని మీద మరో మత్తు మందు తోడైతే ఊపిరి మందగిస్తుంది.

ఫీజు రోజుకింత అంటారు. డైపర్లు, విడిగా మనిషి, ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఖర్చు అందులో ఉన్నాయా లేదా రాయించుకోండి. నెల అడ్వాన్స్ కడితేనే పది రోజులు ఉంచుకుంటామనే చోట్లు ఉన్నాయి. అనుకున్నదాని కన్నా ముందే తీసుకెళ్లిపోతే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే ఉండాలి.

మందుల దగ్గర జరిగే తప్పులు

ఏ కేంద్రమైనా పడిపోయేది ఎక్కువగా ఇక్కడే, మంచి కేంద్రాలు కూడా. ఇంట్లో తల్లి చేతికి అలవాటైపోయిన పనిని ఎవరూ కాగితం మీద పెట్టి ఉండరు.

ఫిట్స్ సిరప్‌లు తీసుకోండి. వాల్‌ప్రోయేట్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.కి 200 మి.గ్రా. ఉంటుంది, అంటే మి.లీ.కి 40. లెవిటిరాసెటామ్ సిరప్ మి.లీ.కి 100. రెండూ వాడే పిల్లాడి గురించి ‘ఇదో మూత, అదో మూత’ అని చెప్పి వస్తే ఏమవుతుందో ఊహించండి. మందు పేరు, మి.గ్రా., మి.లీ., వేళ నాలుగూ రాయాలి. చెంచా కాదు, సిరంజి ఇవ్వాలి. ఆ సిరంజి మీద మోతాదు గీత దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో గుర్తు పెట్టండి, ఒక్కో మందుకు ఒక్కో రంగు.

మాత్రల్లో సీఆర్ అనో క్రోనో అనో రాసి ఉన్నవి మెల్లగా కరిగే రకం. పిల్లాడు మింగడం లేదని ఆయా వాటిని పొడి చేసి పెరుగన్నంలో కలుపుతుంది. రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది, పిల్లాడు మధ్యాహ్నానికి తూలుతాడు, రాత్రికి మందు చాలక ఫిట్స్ వస్తాయి. మింగలేని పిల్లాడైతే చేర్చడానికి ముందే డాక్టర్‌ను అడిగి సిరప్‌కు మార్పించుకోండి.

గార్డినాల్ లాంటి ఫిట్స్ మందులు ఒక్కరోజు కూడా తప్పకూడదు. పది రోజులకు పది రోజుల మందే ఇచ్చి వస్తే పదకొండో రోజున తల్లి ఇంకా డిశ్చార్జి కాదు. అనుకున్న రోజులకు మరో వారం కలిపి ఇవ్వండి. స్ట్రిప్పులోంచి కత్తిరించి పేపర్ పొట్లంలో కట్టి ఇవ్వొద్దు, పేరూ ఎక్స్‌పైరీ కనిపించాలి.

ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే విషయం మరీ ముఖ్యం. ఒక్క పఫ్‌కు అర మి.గ్రా. వచ్చే రకం ఉంది, 1.25 మి.గ్రా. వచ్చే రకం ఉంది. 20 కిలోల పిల్లాడికి డాక్టర్ 4 మి.గ్రా. రాశాడనుకోండి. మొదటి రకంలో అది ఎనిమిది పఫ్‌లు, ముక్కు రంధ్రానికి నాలుగు. ఇంట్లో అదే అలవాటుంది. కేంద్రానికి ఇవ్వడానికి మెడికల్ షాపులో కొత్త సీసా కొంటే రెండో రకం వచ్చింది. మీరు చెప్పినట్టే ఆయా ఎనిమిది కొడితే 10 మి.గ్రా. వెళ్తుంది, ఊపిరి ఆగే ప్రమాదం. అందుకే సీసా మీదే స్టిక్కర్ అంటించి ఎన్ని పఫ్‌లో డాక్టర్‌తో రాయించాలి. కొత్త సీసాను ముందు గాల్లోకి నొక్కి మందు వస్తోందో లేదో చూడకపోతే మొదటి పఫ్‌లు ఖాళీగా పోతాయి. ఫిట్ 5 నిమిషాలు దాటితే అత్యవసరమే, స్ప్రే కొట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ రెండు ముక్కలూ గోడ మీద, సిబ్బంది చదవగలిగే తెలుగులో ఉన్నాయా చూడండి. ఇంగ్లిషులో లామినేట్ చేసి ఆఫీసు గదిలో తగిలించినవి రాత్రి రెండింటికి ఆయాకు పనికిరావు.

మొదటి మూడు రోజులు

కొత్త చోట పిల్లాడు తినడు, నిద్రపోడు. అది మామూలే. కానీ మొదటి మూడు రోజుల్లో వచ్చే గొడవంతా ‘కొత్త కదా’ అని కొట్టిపారేస్తే అసలు కారణం దాటిపోతుంది. నోటితో చెప్పలేని పిల్లాడు ఉన్నట్టుండి కొడుతున్నా, తల బాదుకుంటున్నా ముందు ఒళ్లు చూడాలి: పంటి పోటు, చెవి చీము, జ్వరం, ఆడపిల్లలకు నెలసరి నొప్పి. అన్నిటి కన్నా ఎక్కువగా దాటిపోయేది మలబద్ధకం. కొత్త బాత్రూమ్‌లో కూర్చోడు, నీళ్లు తక్కువ తాగుతాడు, ఇండియన్ టాయిలెట్ అలవాటైనవాడికి అక్కడ వెస్టర్న్ ఉంటుంది. వణుకుకో కండరాల బిగుతుకో ఇచ్చే పేసిటేన్ లాంటి మందు వాడుతుంటే దానివల్ల ఇంకా బిగుసుకుంటుంది. నాలుగో రోజున కొరకడం మొదలుపెడితే, సైకియాట్రిస్ట్‌కు ఫోన్ చేసే ముందు విరేచనం ఎప్పుడైందో రిజిస్టర్‌లో చూడాలి. ఆ రిజిస్టర్ లేని కేంద్రం మందు పెంచమంటుంది.

మంచి కేంద్రం ప్రతి గొడవకూ మూడు గళ్లు రాస్తుంది: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, వెంటనే ఎవరేం చేశారు. ‘అల్లరి చేశాడు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే అది రికార్డు కాదు. ‘ప్లేటు ముందు పెట్టగానే విసిరాడు, ప్లేటు తీసేసి బయట కూర్చోబెట్టాం’ అని ఉంటే, వాడికి తిండి వద్దనిపించినప్పుడు విసిరితే పని అవుతుందని మనమే నేర్పుతున్నట్టు అర్థమవుతుంది.

ఇంటి నుంచి వీడియో కాల్ చేయాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు. కొందరు పిల్లలు తల్లి ముఖం చూస్తే కుదుటపడతారు. కొందరు ఫోన్ పెట్టేశాక రెండు గంటలు గేటు దగ్గరే నిలబడతారు. మొదటి కాల్ తర్వాత అరగంట ఎలా ఉన్నాడో అడిగి నిర్ణయించుకోండి. కాల్స్ అసలే వద్దనే కేంద్రాన్ని మాత్రం నమ్మొద్దు. ‘పిల్లలు డిస్టర్బ్ అవుతారండీ’ అన్నది కొన్నిసార్లు నిజమే, కొన్నిసార్లు ఇంకేదో దాచడానికి.

తిండి గురించి ‘అన్నీ తింటాడు’ అని రాసి రావద్దు. అన్నం ఎంత మెత్తగా, కూర్చోబెట్టా ఒళ్లో పెట్టుకునా, ఎవరి చేత్తో, నీళ్లు గ్లాసుతోనా చెంచాతోనా. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడిని వెనక్కి వాల్చి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండాలి. ఒక్క పూట మీరే తినిపిస్తూ ఆయాకు చూపించండి. బాత్రూమ్‌కు పిల్లాడు చేసే సైగ ఏమిటో, చొక్కా లాగుతాడా, ‘తూ’ అంటాడా, అదీ రాయండి. ఇది తెలియక పోసుకున్నాడని డైపర్ వేస్తారు. రెండు వారాలు డైపర్‌లో ఉంటే ఏళ్లపాటు నేర్పిన అలవాటు పోతుంది.

బయటి దేశాల్లో

అమెరికాలో మేధో వైకల్యంతో పాటు మానసిక, ప్రవర్తన సమస్యలు ఉన్నవాళ్ల కోసం స్టార్ట్ అనే పద్ధతి 1980ల చివర మసాచుసెట్స్‌లో మొదలైంది. దాని వసతి కేంద్రాల్లో కొన్ని మంచాలు అత్యవసరానికి, కొన్ని ముందే తేదీ అనుకుని వచ్చేవాళ్లకు. అత్యవసర బస సాధారణంగా 30 రోజులకు మించదు. అదే బృందం తర్వాత ఇంటికి వచ్చి చూస్తుంది. మనకు లేనిది ఈ రెండో సగం. అయితే అక్కడున్న మనవాళ్లకూ అంత సులువు కాదు. టెక్సాస్‌లో మెడికెయిడ్ వెయివర్ల, అంటే ఇంటి దగ్గరే సేవలకు ప్రభుత్వం ఖర్చు భరించే పథకాల, నిరీక్షణ జాబితా ఏళ్లకు ఏళ్లు నడుస్తుంది, వీసా హోదా కూడా అడ్డొస్తుంది. పిల్లాడికి నిర్ధారణ అయిన నెలలోనే జాబితాలో పేరు వేయించుకోవాలి, అవసరం వచ్చాక కాదు.

చేర్చేటప్పుడు, తీసుకొచ్చేటప్పుడు

ఫైల్‌లో యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, సదరం సర్టిఫికెట్ ఉంటే అది, ఆధార్, తాజా ప్రిస్క్రిప్షన్, ఆరోగ్యశ్రీ, నిరామయ కార్డులు, డాక్టర్ నంబరు, మీరు దొరక్కపోతే చికిత్సకు ఒప్పుకోగల బంధువు పేరుతో సంతకం చేసిన లేఖ. ఆ బంధువుకు ఈ సంగతి ముందే చెప్పాలి. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వస్తే ‘నాకేం తెలీదు’ అనే మేనమామ పేరు రాసి ఉపయోగం లేదు.

చేర్చే రోజు సిబ్బంది ఎదుటే బరువు తూచి, ఒంటి మీద ఉన్న గాయాలు, పాత మచ్చలు బొమ్మ మీద గుర్తించి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది అనుమానం కాదు, ఇరువైపులా రక్షణ. కేంద్రమే ముందుగా అడిగితే దానికి మార్కులు ఎక్కువ వేస్తాం. తీసుకొచ్చే రోజు మళ్లీ అదే పని. కిలోకు మించి తగ్గితే తిండి రిజిస్టర్ చూపించమనండి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. 17 రోజుల మందు ఇచ్చి పదో రోజున తెచ్చుకుంటే 7 రోజులవి మిగలాలి. ఎక్కువ మిగిలితే కొన్ని పూటలు వేయలేదు, తక్కువ మిగిలితే ఎక్కువ వేశారు. తేడా ఉంటే గొడవకు దిగకముందే డాక్టర్‌కు చెప్పండి, మోతాదు సర్దడం ముందు.

అర్ధరాత్రి ఆపదలో మొదటిసారి వెళ్లిన పిల్లాడికీ, అంతకుముందు హాయిగా ఉన్న రోజుల్లో రెండు రాత్రులు అక్కడ పడుకుని వచ్చినవాడికీ చాలా తేడా ఉంటుంది. రెండోవాడికి ఆయా ముఖం తెలుసు, మంచం తెలుసు. ఆయాకు వాడి సైగలు తెలుసు. కాబట్టి ఏ గండమూ లేనప్పుడే, దసరా సెలవుల్లోనో సంక్రాంతికి ముందో, ఒక్క శని ఆదివారాలు ఉంచి చూడండి. ఇలాంటి పరీక్ష బసకు ఒప్పుకోని కేంద్రాన్ని మా జాబితాలోంచి తీసేస్తాం. ఒప్పుకున్న చోట, పిల్లాడిని తీసుకొచ్చే రోజునే తర్వాతి రెండు రాత్రుల తేదీ రిజిస్టర్‌లో రాయించుకుని రండి.